అద్దె కుర్చీలతో పాలకొల్లు దాకా

గోదావరి జిల్లాలకి వెళ్ళొచ్చి నెల దాటింది. నా మాటల చివర అతుక్కున్న ‘అండి’ మాత్రం ఇంకా ఊడిరాలేదు. నిన్న మా వీధి కుక్కని కూడా ‘కాస్త పక్కకి జరగండి’ అన్నాను. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరమేమీ లేదు. ఆ నీళ్ళు, ఆ తిండి, ఆ మర్యాద అన్నీ ఒక్కసారి తలకెక్కితే ఎవరైనా ఇలాగే అవుతారు.

అసలు నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మాది కదిరి దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాదులో, రొయ్యలు శుభ్రం చేయించి పై దేశాలకి పంపే ఒక కంపెనీలో. దాని పేరు చెప్పను, నా ఉద్యోగం నాకు ముద్దు. ఇందులో మనుషుల పేర్లు కూడా మార్చాను. షేర్ మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీలు ఏటా లాభనష్టాల లెక్కతో ఊరుకుంటే ఇప్పుడు కుదరదు. నీళ్ళు ఎంత వాడారు, చెత్త ఎక్కడ పోశారు, పనిచేసేవాళ్ళని మనుషుల్లా చూశారా లేదా అని ఇంకో నివేదిక కూడా ఇవ్వాలి. గేటు లోపలున్న వాళ్ళ సంగతి ఒక్కటే చెప్పినా చాలదు. మనకి సరుకిచ్చే చిన్న చిన్న షెడ్లలో వాళ్ళు ఎలా ఉన్నారని కూడా అడుగుతున్నారు. సరుకు కొనే పై దేశాలవాళ్ళయితే మరీ గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ నివేదిక రాసే ముగ్గురిలో నేనొకదాన్ని.

అందులో ‘వచ్చిన ఫిర్యాదులు’ అని ఒక గడి ఉంటుంది. మా షెడ్ల దగ్గర్నుంచి ఆ గడిలోకి ఎప్పుడూ సున్నాయే వస్తుంది. మా మేనేజరు ఆ సున్నాని చూసి మురిసిపోతాడు. నాకు మాత్రం మింగుడుపడదు. మా ఇంట్లో ఉండేది నలుగురం. కాఫీ చల్లారిందని ఒకరు, టవలు తడిసిందని ఇంకొకరు, పొద్దు గూకేదాకా ఫిర్యాదులే. అంతమంది ఆడవాళ్ళు కలిసి పనిచేసే చోట ఒక్కటంటే ఒక్కటి లేకపోవడమేంటి? ఈ మాటే మీటింగులో అన్నాను. “అయితే నువ్వే వెళ్ళి చూసిరా” అన్నాడు మేనేజరు విసుగ్గా. ఆయన నన్ను శిక్షించాననుకున్నాడు. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని గంతులేశాను.

రైలు కిటికీ, ఒక రూపాయి

మా ఊళ్ళో నీళ్ళంటే ట్యాంకరు. ట్యాంకరు హారను వినపడితే బిందెలు పట్టుకుని పరుగెత్తిన చిన్నతనం నాది. అలాంటిదాన్ని తెల్లవారి రైలు వంతెన ఎక్కగానే కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను. గోదావరి మొదలైంది. ఇక అయిపోతుంది కదా అనుకుంటే అవదే! ఎదురు సీటు పెద్దావిడ చేతిసంచిలోంచి చిల్లర తీసి కిటికీలోంచి విసిరి దణ్ణం పెట్టుకుంది. నా సంచంతా వెతికాను. ఒక్క బిళ్ళ లేదు.

“ఫోన్లో ఉన్నాయండీ డబ్బులు, చేతిలో లేవు” అన్నాను.

“గోదారమ్మకి ఫోను లేదమ్మా” అని నవ్వి, నా అరచేతిలో ఒక రూపాయి పెట్టింది. “వేసేయండి, వంతెన అయిపోతంది.”

వేశాను. బాకీ ఎలా తీర్చాలండీ అంటే, “నాకెందుకు తీర్చడం, తీసుకుంది ఆవిడ” అని నదివైపు చెయ్యి చూపించింది. అప్పటికింకా నేను రాజమండ్రిలో దిగనైనా దిగలేదు.

దిగాక పెసరట్టు ఉప్మా తిన్నాను, దాని మీద రోజ్ మిల్కు తాగాను. పొద్దున్నే ఏడింటికి రోజ్ మిల్కేంటని మా అమ్మయితే అడిగేది. ఎదురుగా ఉంది, తాగాను, ఇంకోటి కూడా తాగాను. హోటలాయన డబ్బులు తీసుకుంటూ “మళ్ళీ రండి” అన్నాడు. మావైపు హోటళ్ళలో “చిల్లర లేదా?” అంటారు.

ధవళేశ్వరం దాటాక

నేను తనిఖీ చేయాల్సిన షెడ్డు పాలకొల్లులో, అదీ మర్నాడు. కంపెనీ ఏర్పాటు చేసిన కారు వచ్చింది. నేరుగా పాలకొల్లు వెళ్దామన్నాడు డ్రైవరు. నేను బ్యారేజీ మీదుగా వెళ్దామన్నాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటుతుంటే ఒకవైపు సముద్రమంత నీరు, రెండోవైపు ఇసుక మేటలు. కారు ఆపించాను. దాటాక కాలువ కనిపించింది, మళ్ళీ ఆపించాను.

“ఇది ఏ నదండీ?”

“నది కాదండి, కాలవండి.”

ఇంకాస్త ముందుకెళ్ళాక ఇంకోటి కనిపించింది. “మరి ఇదీ?”

“ఇది పిల్లకాలవండి.” అతను అద్దంలోంచి నన్నోసారి చూశాడు. “మేడమ్ గారు ఏ ఊరండి?”

చెప్పాను. అప్పట్నించి పాపం అడక్కుండానే ప్రతి కాలువ దగ్గరా ఆపాడు.

ఆత్రేయపురంలో ఒక ఇంటి ముందు అరుగు మీద ఒకావిడ పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా లాగితే చాలు, పొరలాంటి రేకు ఊడి చేతికొస్తుంది. నేనూ ఒకటి తీస్తానని పట్టుబట్టాను. నాకొచ్చింది రేకు కాదు, అట్టు. వేళ్ళు కూడా చురుక్కుమన్నాయి. ఆవిడ పడీ పడీ నవ్వి, నెయ్యీ బెల్లం పెట్టి చుట్టిన రేకు నా నోట్లో పెట్టింది. నోట్లో పెట్టిందే గుర్తుంది, నమిలినట్టు గుర్తులేదు.

పొగకి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇక్కడి రేకులు ఎక్కడెక్కడి షాపులకో వెళ్తాయట. ఆ షాపులవాళ్ళు రాసే కాగితాల్లో ఈ అరుగూ ఈ పొగా ఉంటాయా అని ఆలోచన వచ్చింది. వెంటనే ఇంకో రేకు నోట్లోకి వచ్చింది. నా ఉద్యోగం తాలూకు ఆలోచన ఆ రోజుకి అక్కడితో ఆగింది.

రావులపాలెంలో పంక్చరు

రావులపాలెం సెంటరులో కారు టైరు పంక్చరయింది. స్టెప్నీ తీసి చూస్తే అదీ నీరసంగానే ఉంది. డ్రైవరు తల పట్టుకున్నాడు. నేను చుట్టూ చూస్తే అటు గెలలు, ఇటు గెలలు, లారీల నిండా అరటి గెలలే. చక్రకేళి పళ్ళు కొనుక్కుని తింటూ నిలబడ్డాను. నా పక్కనే ఒక వ్యాను ఆగి ఉంది. వెనకంతా ప్లాస్టిక్ కుర్చీలు, గోపురమంత ఎత్తున కట్టి, తాళ్ళతో బిగించి ఉన్నాయి. లుంగీ పైకి కట్టిన నలభయ్యేళ్ళాయన అరటిపళ్ళ బేరం ముగించుకుని వచ్చాడు.

“పాలకొల్లేనా అండి? ముందు సీటు ఖాళీయేనండి. ఎక్కేయండి. ఎండలో నిలబడ్డం ఎంచేతండి?”

డ్రైవరు కూడా ఆయన మనకి తెలిసినాయనే, ఫర్వాలేదన్నాడు. ఎక్కేశాను. ఆయన పేరు చిట్టిబాబు. పాలకొల్లులో షామియానాల వ్యాపారం. టెంట్లు, కుర్చీలు, వంట గిన్నెలు అన్నీ అద్దెకిస్తాడు.

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద గాలి మొహానికి కొడుతుంటే నాకు పాటలు వచ్చేస్తున్నాయి. ఊరికే మాట కలిపాను. “ఎవరింట్లో ఫంక్షనండీ?”

“ఫంక్షను రేపండి. రొయ్యల షెడ్డులోనండి.”

“షెడ్డులో పెళ్ళా?”

“పెళ్ళి కాదండి, ఆడిట్టు.”

తింటున్న అరటిపండు నా గొంతులో ఆగింది. చిట్టిబాబు మంచినీళ్ళ సీసా అందించి తన దారిన తను చెప్పుకుపోయాడు. “ఇదివరకు పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, అంతేనండి. ఇప్పుడు ఆడిట్టులు కూడా వస్తన్నాయండి. మంచి గిరాకీయేనండి. కాకపోతే ఆడిట్టుకి లెక్క వేరండి. రిబ్బన్లు కట్టకూడదు, తెల్ల కవర్లు వెయ్యకూడదు. కుర్చీలు కొత్తవి తేవద్దు చిట్టిబాబూ, రోజూ కూర్చున్నట్టుండాలి అన్నారు షెడ్డు ఓనరుగారు. అందుకని రావులపాలెంలో మా బావమరిదికిచ్చిన నా పాతవన్నీ ఏరుకొస్తన్నానండి. గీతలు పడ్డవి కావాలంటే దొరకడం కష్టమండి బాబూ!”

“ఇన్నెందుకండీ? అంతమంది పనిచేస్తారా?”

“అదే నాకూ అర్థం కాదండి. మనుషులకి మూడింతలు అడిగారు. పోయినేడూ అంతే. ఎవరెవరిని కూర్చోబెడతారో మరి.”

అప్పుడే నేను ఎవరో చెప్పేయాల్సింది. చెప్పలేదు. చెబితే ఆయన వ్యాను వెనక్కి తిప్పేస్తాడని భయం. దానికి తోడు నవ్వు ముంచుకొస్తోంది. నోరు తెరిస్తే నవ్వే వచ్చేది. దిగేటప్పుడు డీజిలుకి ఎంతో కొంత తీసుకోమంటే నొచ్చుకున్నాడు. “కుర్చీలతో పాటు మీరూ వచ్చారు. మీ బరువెంతండీ?” అన్నాడు.

పాలకొల్లు ఉదయం

లాడ్జి కిటికీలోంచి క్షీరారామం గోపురం తెల్లగా మెరుస్తోంది. షెడ్డు యజమాని కారు పంపుతానని ముందే ఫోను చేశాడు. కారు పంపిస్తే ఎప్పుడు చేరతానో ఆయనకి తెలిసిపోతుంది. అందుకని పొద్దున్నే లేచి షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో ఒకావిడ ఉంది. యాభై ఏళ్ళుంటాయి. ఆకుపచ్చ పట్టుచీర, జరీ అంచు, తల్లో కనకాంబరాలు. కుడి పాదం కాస్త పక్కకి తిరిగి ఉంది. ఎక్కేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని లోపల పెట్టుకుంది.

“ఎవరిదండీ పెళ్ళి?” అన్నాను మళ్ళీ, బుద్ధి రాకుండా.

“పెళ్ళి కాదండి, ఆడిట్టండి!” మొహం వెలిగిపోయింది. “అందరూ మంచి చీరలు కట్టుకు రమ్మన్నారండి. చీరదేముంది గానండి, ఇయ్యాల కుర్చీలేత్తారు! మేం రోజంతా బల్లల దగ్గర నిలబడి రొయ్యలు ఒలవాలండి. నాకేమో పోయినేడు తడి గచ్చు మీద జారి ఈ కాలు ఇరిగింది. అతుక్కుంది గానీ ఒంకరగా అతుక్కుంది. మజ్జాన్నానికి నా కాలు నన్ను బూతులు తిడతదండి. ఆడిట్టు రోజు మాత్రం మాట్టాడదు. నెలనెలా ఆడిట్టు వత్తే ఎంత బాగుండునో!”

ఆమె పేరు సత్యవతి. బల్ల ఎత్తుగా ఉండడం వల్ల ఒక్క కుర్చీ చాలదట. ఒకదాంట్లో ఒకటి మూడు కుర్చీలు పెడితే చేతులు సరిగ్గా అందుతాయని కనిపెట్టింది తనేనట. చిట్టిబాబుకి అర్థం కాని లెక్క నాకప్పుడు అర్థమైంది.

“ఇదే ఆఖరి ఆడిట్టండి నాకు” అంది. “రేపట్నించి రావద్దన్నాడు మేస్త్రీ. నిలబడలేనోళ్ళకి పని లేదంట. నాకెవరున్నారండి? ఈ పనే నా తిండి. అందుకే ఇయ్యాలైనా దర్జాగా కూకుందారని పట్టుచీర కట్టానండి.” ఇంతలో నావైపు చూసింది. “మీరెక్కడికండి?”

“నేనేనండీ ఆ ఆడిట్టు” అన్నాను.

సత్యవతి రెండు చేతులతో నోరు మూసుకుంది. “అయ్యబాబోయ్! నేనేం అన్లేదండి. మా షెడ్డు బంగారమండి. మేస్త్రీగారు దేవుడండి. అంతా బాగుందండి!”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీరు చెప్పారని ఎవరికీ చెప్పనని ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఇచ్చాక గానీ తెలిసిరాలేదు, నన్ను నేనే కట్టేసుకున్నానని. ఆమె పేరెత్తితే ఆమెకి ముప్పు. ఎత్తకపోతే రేపట్నించి ఆమెకి పని లేదు. ఆటో దిగి షెడ్డు గేటు దాకా ఆమె ముందు, నేను వెనక, ఒకరికొకరం తెలియనట్టు నడిచాం.

షెడ్డులో ఫంక్షను

గేటుకి రెండువైపులా అరటి బోదెలు కట్టారు. నా మీద పన్నీరు చల్లారు! మావైపు ఆఫీసువాళ్ళు తనిఖీకి వస్తే షాపులే మూసేసి పోతారు. యజమాని ఎదురొచ్చాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి గ్లాస్కో పంచె. అందరూ ఆయన్ని బుల్లబ్బాయి గారంటారు. ఆ పేరుకీ ఆ శరీరానికీ పొత్తు కుదరక నేను పెదవి కొరుక్కుంటూనే ఉన్నాను.

“అదేంటమ్మా, ఆటోలో వచ్చారు! కారు పంపుతానన్నాను కదా! కాఫీ తాగారా? టిఫిను? ముందు టిఫిను చేసి తర్వాత ఆడిట్టు చేద్దురు గాని!”

వెనకాల ఆయన భార్య అనసూయ గారు. నుదుటి మీద రూపాయంత బొట్టు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ఇడ్లీలు పెట్టింది. చాలండీ అంటే రెండు, వద్దండీ అంటే నాలుగు వేసింది.

షెడ్డు లోపల ఐసు గుట్టలు, స్టీలు బల్లలు, రొయ్యల వాసన. పట్టుచీరల మీద ప్లాస్టిక్ ఆప్రాన్లు కట్టుకుని, మూడేసి కుర్చీల మీద ఎత్తుగా కూర్చుని ఆడవాళ్ళు చకచకా ఒలుస్తున్నారు. ప్రతి కుర్చీ వీపు మీదా ఒక కొత్త తువ్వాలు ఆరేసి ఉంది. ఎందుకో నాకు తెలుసు, నిన్న వ్యానులో చూశాను. ఆ తువ్వాలు తీస్తే ‘చిట్టిబాబు, పాలకొల్లు’ అని ఎర్ర రంగుతో ఉంటుంది. గోడ పక్కన సామానుకి కాపలా నిలబడ్డ చిట్టిబాబు నన్ను చూశాడు. నోరు తెరిచాడు. నేను మెల్లగా తల అడ్డంగా ఊపాను. పాపం మూసుకున్నాడు.

ఒక్కొక్కరినీ అడిగాను. “ఇబ్బందులేమైనా ఉన్నాయా అండీ?”

“ఏం లేవండి.” “చల్లగా ఉన్నామండి.” “మీరు భోంచేసి వెళ్ళాలండి.”

సత్యవతి దగ్గరికొచ్చేసరికి ఆమె తలెత్తలేదు. “అంతా బాగుందండి” అంది రొయ్యతో.

గోడకి ఫిర్యాదుల పెట్టె ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. తాళంచెవి ఏదంటే మేస్త్రీ అటూ ఇటూ పరుగెత్తాడు. చివరికి అనసూయ గారి పూజగదిలో దొరికింది. తెరిస్తే ఒక్క కాగితం ముక్క లేదు. కాసిని చిల్లర పైసలు, అక్షింతలు ఉన్నాయి.

“దసరాకి మిషన్లతో పాటు దీనికీ పూజ చేయించామమ్మా” అన్నాడు బుల్లబ్బాయి గారు సంతోషంగా. మా సున్నా ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది.

పళ్ళెంలో పట్టుచీర

భోజనాలు బంతి కట్టి వడ్డించారు. అందరూ నాతో పాటే కూర్చోవాలని నేను పట్టుబడితే సరేనన్నారు. ఆవ పెట్టిన పనసపొట్టు, గుత్తివంకాయ, రొయ్యల వేపుడు, పీతల పులుసు, నెయ్యిలో తేలే బొబ్బట్లు. పులస చేప దొరికే కాలం కాదని బుల్లబ్బాయి గారు మూడుసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు. మా ఇంట్లో సంకటి ముద్ద, పప్పు, దాని మీద మిరపకాయ, అయిపోయింది భోజనం. ఇక్కడ పెరుగు దాకా చేరేసరికి నేను గోడని పట్టుకుని లేచాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి అనసూయ గారు ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో వెండి పళ్ళెం. అందులో తమలపాకులు, అరటిపళ్ళు, పూతరేకుల డబ్బా, వంకాయరంగు పట్టుచీర. సరుకిచ్చేవాళ్ళ దగ్గర కానుకలు తీసుకోకూడదని మా కంపెనీలో కచ్చితమైన రూలు. తీసుకుంటే ఉద్యోగం పోతుంది. తీసుకోకపోతే ఏమవుతుందో ఆవిడ మొహంలోనే రాసి ఉంది.

“తీసుకోకూడదండీ. రూలు ఒప్పుకోదు” అన్నాను చిన్న గొంతుతో.

“రూలేంటమ్మా? గుమ్మంలోకొచ్చిన ఆడపడుచుని ఒట్టి చేతుల్తో పంపుతామా? నన్ను నలుగురిలో తల దించుకోమంటావా?”

“బొట్టు పెట్టించుకుంటానండీ. చీర వద్దండీ.”

“చీర వద్దంటే నన్ను వద్దన్నట్టే!”

ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. షెడ్డంతా మావైపే చూస్తోంది. దిక్కుతోచక అటూ ఇటూ చూశాను. అందరికంటే ముందే తినేసి వచ్చిన సత్యవతి మళ్ళీ తన మూడు కుర్చీల మీదికి ఎక్కి కూర్చుంది. ఆ సాయంత్రం దాకా ఉన్న సుఖంలో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోదల్చుకోలేదు. వంకర పాదం గాల్లో మెల్లగా ఊపుకుంటోంది. చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది.

“పిన్నిగారూ” అన్నాను. వరస కలిపేసరికి ఆవిడ కరిగిపోయింది. “ఆడపడుచు నోరు తెరిచి అడిగితే ఇస్తారా?”

“ఏదైనా అడుగు. మాటిచ్చాను.”

“ఈ కుర్చీలివ్వండి.”

“కుర్చీలా? ఇంటికెలా పట్టుకెళ్తావమ్మా?”

“పట్టుకెళ్ళనండీ. ఇక్కడే ఉంచుతాను. నా బదులు రోజూ వీళ్ళు కూర్చుంటారు.”

బుల్లబ్బాయి గారు గొంతు సవరించుకున్నాడు. “కుర్చీలంటే... అవి... మనవి కావమ్మా.”

“నావండి!” అన్నాడు చిట్టిబాబు ఆపుకోలేక, గోడ పక్కనుంచి. అని, నాలుక కరుచుకున్నాడు.

“తెలుసండీ” అన్నాను. “నిన్న వాటితో పాటే వ్యానులో వచ్చాను.”

ముందు నవ్వింది అనసూయ గారే. పళ్ళెం పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. అంతే, షెడ్డంతా గొల్లున నవ్వింది. బుల్లబ్బాయి గారి మొహం ఎర్రబడి, ఆయన కూడా భుజాలు కదిలించి నవ్వడం మొదలెట్టాడు. నవ్వు అయ్యాక ఆవిడ మొగుడివైపు తిరిగింది. “ఆడపడుచుకి మాటిచ్చాను. మీరేం చేస్తారో నాకు తెలీదు. ఈ కుర్చీలు గుమ్మం దాటితే నేనూ దాటతాను.”

“దాటడమెందుకే! బల్లలకి సరిపడా ఎత్తు స్టూళ్ళు చేయిస్తాను. చిట్టిబాబూ, అవి వచ్చేదాకా నీ కుర్చీలు ఇక్కడే.”

“పెళ్ళిళ్ళ సీజనండి బాబూ!” అన్నాడు చిట్టిబాబు. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ తర్వాత అసలు కష్టం. నేను రాసేది ఆయనకి చదివి వినిపించాను. కూర్చునే ఏర్పాటు లేదు, తనిఖీ కోసం కుర్చీలు అద్దెకు తెచ్చారు, ఇకపై ఉంచుతామని ఒప్పుకున్నారు.

“అద్దె మాట తీసెయ్యకూడదా అమ్మా? కొనేవాళ్ళు పారిపోతారు.”

“తీసేస్తే అబద్ధమవుతుందండీ. ఏ లోపమూ లేదని రాస్తేనే వాళ్ళకి అనుమానం. లోపముంది, సరిచేశామని రాస్తే నమ్ముతారు. స్టూళ్ళు వచ్చాక ఫోటో పంపండి, అదీ పెడతాను.” ఆయన పంచె అంచు నలుపుకున్నాడు. అప్పుడు అన్నాను. “ఇంకోటి కూడా రాస్తున్నానండీ. నిలబడలేరనే కారణంతో ఎవర్నీ మాన్పించకూడదు.”

ఆయన మేస్త్రీవైపు చూశాడు. మేస్త్రీ ఐసువైపు చూశాడు. “రాయండి” అన్నాడు బుల్లబ్బాయి గారు.

సత్యవతివైపు నేను చూడలేదు. ఆమె రొయ్యలు ఒలవడం మాత్రం ఆగిపోయింది. వెళ్ళే ముందు ఆ పెట్టె మీద పూలదండ పక్కకి జరిపి, మా ఆఫీసు ఫోను నంబరున్న కాగితం అంటించాను. చదవడం రానివాళ్ళ కోసం గట్టిగా చెప్పాను కూడా. “ఏ ఇబ్బందున్నా ఫోను చెయ్యండి. పేరు చెప్పక్కర్లేదు.” అందరూ అలాగేనండి అన్నారు. వాళ్ళ ‘అలాగేనండి’కి అర్థమేంటో అప్పటికి నాకు కొంచెం తెలిసింది, అందుకే పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

చీర తీసుకోలేదు. పూతరేకులు కూడా తీసుకోలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. బొట్టు మాత్రం హైదరాబాదు దాకా చెరపలేదు. తిరుగు ప్రయాణంలో రైలు వంతెన ఎక్కేసరికి నా గుప్పిట్లో రూపాయి సిద్ధంగా ఉంది.

హైదరాబాదులో ఫోను

మొన్న ఆఫీసులో ఫోను మోగింది. అవతల నీళ్ళ చప్పుడు, ఎవరో నవ్వుతున్న గోల.

“నేనండి, పేరు చెప్పక్కర్లేదన్నారు కదండి. సత్యవతినండి!”

కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. “ఎలా ఉన్నారండీ? పనికి వెళ్తున్నారా?”

“పనిలోంచే చేత్తన్నానండి. స్టూళ్ళొచ్చాయండి. చిట్టిబాబుగారు కుర్చీలు పట్టుకుపోయాడండి, ఏడుత్తా వచ్చి నవ్వుతా ఎళ్ళాడు.” గొంతు సవరించుకుంది. “ఫిర్యాదండి.”

“ఏంటండీ?”

“అంతా బాగుందండి. బాగుంది గానండి, ఆ వెల్డింగాయన స్టూలు కింద కాళ్ళు పెట్టుకోడానికి కడ్డీ ఎయ్యలేదండి. పొద్దున్నుంచి కాళ్ళు ఏలాడతన్నాయి. కూకోబెట్టి కాళ్ళకి చోటివ్వకపోతే మర్యాదేనా అండి అది? రాసుకోండి.”

రాసుకున్నాను. నవ్వొస్తోంది, కళ్ళు తడిశాయి, రెండూ ఒకేసారి. పక్క సీటువాళ్ళు నాకేమైందోనని లేచి వచ్చారు. సాయంత్రం మేనేజరు నివేదిక తిరగేస్తూ ఒక చోట ఆగి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“ఇదేంటి, ఈ షెడ్డుకి ఎప్పుడూ సున్నా ఉండేది కదా?”

“ఇప్పుడు ఒకటుందండి” అన్నాను.